కుక్క వెంట ఉంటే దారి మారాలి

వేసవి సెలవుల్లో అమెరికా చుట్టి రావడానికి బయల్దేరే తెలుగు కుటుంబాల జాబితాలు దాదాపు ఒకేలా ఉంటాయి. యెల్లోస్టోన్, గ్రాండ్ టీటన్, జయాన్, ఆర్చెస్, గ్రాండ్ కాన్యన్. తొమ్మిదో పదో రోజులు, వేల మైళ్ల డ్రైవింగ్, డిక్కీలో టెంటు, రైస్ కుక్కర్, ఓ డబ్బా పులిహోర. ఇప్పుడు వెనక సీట్లోకి కుక్క కూడా చేరింది. ఇంట్లో మనిషిలా తిరిగే ప్రాణిని అన్ని రోజులు కెన్నెల్లో పెట్టి వెళ్లడానికి మనసొప్పదు. పిల్లలూ ఊరుకోరు. దాన్ని తీసుకెళ్లాలనుకోవడంలో తప్పేమీ లేదు. చిక్కంతా ఎక్కడంటే, కుక్క ఎక్కినా జాబితా మారడం లేదు. మనుషుల కోసం రాసుకున్న దారినే కుక్కకూ ఖాయం చేస్తున్నారు. కుక్కతో దేశం చుట్టాలనుకునేవాళ్లు నేషనల్ పార్కులను ప్రయాణానికి కేంద్రంగా పెట్టుకోవడం మానేయాలి. వాటిని ఆనుకుని ఉన్న నేషనల్ ఫారెస్టులు, కేంద్ర ప్రభుత్వ భూములు, స్టేట్ పార్కులే వాళ్ల అసలు గమ్యాలు కావాలి.

పార్కుల నిబంధనలు చూస్తే ఈ మాట ఎందుకనాల్సి వస్తోందో తెలుస్తుంది. అమెరికా నేషనల్ పార్కుల్లో చాలావాటిలో కుక్క ఎక్కడికి వెళ్లొచ్చంటే, స్థూలంగా కారు వెళ్లగలిగిన చోటికి. రోడ్లు, పార్కింగ్ స్థలాలు, క్యాంప్‌గ్రౌండ్లు, అదీ ఆరు అడుగులకు మించని లీష్‌తో. యెల్లోస్టోన్‌లో వీటి నుంచి వంద అడుగులు దాటి కుక్కను తీసుకెళ్లకూడదు. కాలిబాటల మీదకు, వేడినీటి బుగ్గల చుట్టూ కట్టిన చెక్క వంతెనల మీదకు అసలే రానివ్వరు. జయాన్‌లో పరిస్థితి ఇంకా ఇరుకు. అక్కడ కుక్కకు అనుమతి ఉన్న కాలిబాట పారస్ ట్రెయిల్ ఒక్కటే, పొడవు రెండు మైళ్లు కూడా ఉండదు. జనం ఎక్కువగా వచ్చే నెలల్లో లోయలోకి సొంత కార్లు వెళ్లనివ్వరు. షటిల్ బస్సు ఎక్కాలి, ఆ బస్సులో కుక్కకు చోటు లేదు. అంటే జయాన్ పేరు చెప్పగానే కళ్లముందు మెదిలే లోయ కుక్క వెంట ఉన్నవాళ్లకు మూసేసినట్టే. కుక్కను ఏ చెట్టుకో కట్టేసి వెళ్దామంటే, నిర్దేశించిన చోట్లలో తప్ప ఎవరూ దగ్గర లేకుండా కట్టేసి ఉంచడం పార్కుల నిబంధనలకే విరుద్ధం. గ్రాండ్ కాన్యన్ సౌత్ రిమ్‌లో మాదిరి కెన్నెల్ అన్ని పార్కుల్లో ఉండదు.

ఇక మిగిలేది కారు. ‘పావుగంటలో వచ్చేస్తాం, అద్దాలు కాస్త దించి ఉంచాం’ అనే మాట పార్కింగ్ స్థలాల్లో వినపడేది ఇక్కడే. 2005లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఎండలో నిలిపిన కారు మీద చేసిన కొలతలు ఈ ధీమాకు ఆధారం లేదని తేల్చాయి. బయట 22 డిగ్రీల సెల్సియస్ ఉన్న రోజున, అంటే మన లెక్కలో చల్లని పూట, గంటలో కారు లోపల 47 డిగ్రీలకు చేరింది. ఆ పెరుగుదలలో 80 శాతం మొదటి అరగంటలోనే జరిగిపోయింది. అద్దాలు కొద్దిగా దించినా పెద్ద తేడా రాలేదు. మనిషికి ఒళ్లంతా చెమట పడుతుంది. కుక్కకు చెమట పట్టేది పాదాల అడుగునే, అదీ అంతంతమాత్రం. అది రొప్పుతూ ఒంటి వేడిని దించుకోవాలి. పీల్చే గాలే వేడెక్కితే ఆ రొప్పుడు కూడా అక్కరకు రాదు. కుక్క మీద ప్రేమతో తీసుకెళ్లినవాళ్లే దాన్ని ఆ స్థితిలోకి నెడుతున్నారు, నెట్టేది వాళ్లు వేసుకున్న దారి.

దీనికి చాలామంది చెప్పే జవాబు, తప్పు నిబంధనలదే అని. గుర్రాలనూ కంచరగాడిదలనూ కాలిబాటల మీదకు వదులుతారు, లీష్‌తో బుద్ధిగా నడిచే కుక్కను ఆపడం ఏం న్యాయం అంటారు. కొట్టిపారేయాల్సిన వాదన కాదిది. గుర్రం పేడ వేస్తుంది, బాట తొక్కి పాడుచేస్తుంది. కానీ లేడికి, ఎల్క్‌కు గుర్రం వేటాడే మృగం కాదు. కుక్క వాసన, మొరుగు వాటికి తోడేలునూ కొయొటీనీ గుర్తుచేస్తాయి. బుద్ధిగా పెరిగిన కుక్క విషయంలో సాహిత్యంలోనే ఓ మంచి సాక్ష్యం ఉంది. జాన్ స్టైన్‌బెక్ 1960లో చార్లీ అనే పూడుల్‌ను వెంటబెట్టుకుని ట్రక్కులో అమెరికా చుట్టారు. 1962లో వచ్చిన ‘ట్రావెల్స్ విత్ చార్లీ’లో ఆ ప్రయాణం గురించి రాశారు. గొడవలకు పోని, పెద్దమనిషి తరహా కుక్కగా ఆయన చూపించిన చార్లీ, యెల్లోస్టోన్‌లో రోడ్డు పక్క ఎలుగుబంట్లు కనబడగానే ట్రక్కులోంచే రెచ్చిపోయి యజమానే గుర్తుపట్టలేని జంతువైంది. స్టైన్‌బెక్ బండి వెనక్కి తిప్పి పార్కు నుంచే బయటపడ్డారు. ఇంట్లో నేర్పిన క్రమశిక్షణకు ఇంటి చుట్టుపక్కల ఎదురయ్యేవే తెలుసు. ఎలుగుబంటి తెలియదు.

ఒక్క క్షణం పట్టు తప్పితే ఏమవుతుందో 1981లో అదే పార్కులో తేలింది. ఫౌంటెన్ పెయింట్ పాట్ దగ్గర కారు ఆపగానే ఓ కుక్క బయటికి దూకి, దాదాపు మరిగే వేడి మీదున్న బుగ్గలో పడింది. దాన్ని కాపాడాలని యజమాని స్నేహితుడు, 24 ఏళ్ల యువకుడు, చుట్టూ ఉన్నవాళ్లు వద్దని అరుస్తున్నా నీళ్లలోకి దూకాడు. కుక్క దక్కలేదు, అతనూ మర్నాడు కన్నుమూశాడు. ఇక కంటికి కనపడని ప్రమాదం రోగాలది. అంతరించిపోయిందనుకున్న నల్లపాదాల ఫెరెట్ అనే చిన్న జంతువు 1981లో వయోమింగ్‌లోని మీటీట్సీ దగ్గర బతికే ఉందని తెలిసింది ఒక పశువుల క్షేత్రంలోని కుక్క వల్లే. అది చంపి ఇంటికి తెచ్చిన జంతువు ఫెరెట్ అని తేలింది. నాలుగేళ్లు తిరక్కుండా ఆ ఫెరెట్లకు ప్లేగుతో పాటు డిస్టెంపర్ సోకింది. చివరికి మిగిలిన 18 జంతువులను పట్టి బోన్లలో పెంచి జాతిని నిలబెట్టాల్సి వచ్చింది. డిస్టెంపర్ కుక్కలకు సోకే జబ్బే, 2018లో మన గిర్ అడవిలో చనిపోయిన సింహాల్లో కొన్నింటిలోనూ ఈ వైరస్ బయటపడింది. మీటీట్సీకి ఆ జబ్బును ఫలానా కుక్క తెచ్చిందని కాదు. ఒక జాతి మొత్తం ఒకే లోయలో మిగిలిన చోట ఎంత చిన్న అవకాశాన్నైనా మూసేయడం సబబేనని మాత్రం ఒప్పుకోవాలి.

పోనీ పార్కుల యంత్రాంగానికి కుక్కలంటే పడదా అంటే అదీ కాదు. మెయిన్ రాష్ట్రంలోని అకేడియాలో వంద మైళ్ల కాలిబాటలూ, నలభై అయిదు మైళ్ల గుర్రపుబండి బాటలూ కుక్కలకు తెరిచే ఉన్నాయి. వర్జీనియాలోని షెనాన్డోవాలో అయిదు వందల మైళ్ల బాటల్లో ఇరవై మైళ్లు తప్ప అన్నీ వాటికి అందుబాటులోనే ఉన్నాయి. అరిజోనాలోని పెట్రిఫైడ్ ఫారెస్ట్, న్యూమెక్సికోలోని వైట్ శాండ్స్ కూడా కుక్కలకు తలుపులు తెరిచాయి. గ్రాండ్ కాన్యన్‌లో లోయ అంచు మీద నడవనిస్తారు, లోయలోకి దిగనివ్వరు. నేలను బట్టి, అక్కడి జంతువులను బట్టి ఎక్కడికక్కడ తీసుకున్న నిర్ణయాలివి. కాబట్టి మార్చాల్సింది నిబంధనను కాదు, మన దారిని.

ఆ దారికి కొదవ లేదు. నేషనల్ పార్క్ సర్వీస్ చేతిలో ఉన్నది సుమారు 8.5 కోట్ల ఎకరాలు. నేషనల్ ఫారెస్టులు, గడ్డిభూములు కలిపి 19.3 కోట్ల ఎకరాలు. కేంద్ర ప్రభుత్వ సంస్థ బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ కింద మరో 24.5 కోట్ల ఎకరాలున్నాయి. ఈ రెండింటిలోనూ చాలా బాటలు కుక్కలకు తెరిచే ఉంటాయి, చాలాచోట్ల ఉచితంగా రెండు వారాల దాకా టెంటు వేసుకోవచ్చు. ఐ-90 మీద పడమరకు వెళ్తుంటే సౌత్ డకోటాలో బ్యాడ్‌లాండ్స్ పార్కు బాటల మీదకు కుక్కను రానివ్వరు, దాన్ని ఆనుకునే ఉన్న బఫెలో గ్యాప్ గడ్డిభూముల్లో నడిపించవచ్చు. యూటాలో ఆర్చెస్ బాటలు కుక్కలకు మూసి ఉంటాయి, దాని దగ్గరి మోయాబ్ ఊరి పక్కన గ్రాండ్‌స్టాఫ్ కాన్యన్‌లో వాగు వెంబడి నడిచి వెళ్తే 243 అడుగుల రాతి వంతెన కింద నిలబడొచ్చు, కుక్కతో సహా. టీటన్ శిఖరాలు చూడాలంటే గ్రాండ్ టీటన్ పార్కులోనే ఉండనక్కర్లేదు. తూర్పున బ్రిడ్జర్-టీటన్ ఫారెస్టులోని షాడో మౌంటెన్ మీద టెంటు వేస్తే శిఖరాల వరస మొత్తం ఎదురుగా నిలుస్తుంది. కాకపోతే అది గ్రిజ్లీ ఎలుగుల నేల. రాత్రిపూట పులిహోర డబ్బాతో పాటు కుక్క తిండి సంచినీ, అది తిన్న గిన్నెనూ కూడా కారులోనో ఎలుగు తెరవలేని పెట్టెలోనో పెట్టి తాళం వేయాలి. ఎంగిలి గిన్నె టెంటు బయట వదిలేయడం ఎలుగును భోజనానికి పిలవడమే.

ఇంత దూరం వచ్చి యెల్లోస్టోన్ చూడకుండా పోతామా అన్నది తర్వాతి ప్రశ్న. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉంటే, వాళ్లకు మళ్లీ అవకాశం వస్తుందో రాదో తెలియదు. ఈ బాధ నిజమైనదే. అలాంటప్పుడు పార్కును పూర్తిగా వదులుకోనక్కర్లేదు, దానికో పూట కేటాయిస్తే చాలు. పెద్దలు ఇద్దరుంటే ఒకరు కుక్కతో నీడపట్టున ఆగితే, ఇంకొకరు అమ్మానాన్నలను ఓల్డ్ ఫెయిత్‌ఫుల్‌కు తీసుకెళ్లొచ్చు, తర్వాత వంతు మారొచ్చు. లేదంటే పార్కు బయటి ఊళ్లో ఒక పగలు కెన్నెల్లో ఉంచొచ్చు. చాలా కెన్నెళ్లు టీకాల పత్రాలు అడుగుతాయి, ముందే బుక్ చేసుకోవాలి. పూట వరకైతే ఈ సర్దుబాటు కుదురుతుంది. వరసగా అయిదు పార్కులు పెట్టుకుంటే అయిదుచోట్లా ఇదే కాపలా, ఇదే వంతులు. సెలవు కాస్తా డ్యూటీగా మారుతుంది, మూడో పార్కు నాటికి ఎవరో ఒకరు విసిగి ‘పావుగంటే కదా’ అంటారు.

అందరూ ఇలా ఫారెస్టుల మీద పడితే అవీ పాడవుతాయి కదా అంటారా, ఆ భయానికీ ఆధారం ఉంది. మోయాబ్ చుట్టుపక్కల కొన్ని ప్రాంతాల్లో ఎక్కడపడితే అక్కడ టెంటు వేయడాన్ని ఇప్పటికే ఆపేశారు. షాడో మౌంటెన్ లాంటి రద్దీ చోట్ల ఉండనిచ్చే రోజులు తగ్గించారు. స్వేచ్ఛ ఎక్కువున్న నేలలో అడిగేవాళ్లు తక్కువ, అందుకే బాధ్యత మనదే అవుతుంది. నీళ్లు మనమే మోసుకెళ్లాలి. కుక్క వేసిన మలాన్ని సంచిలో కట్టి వెంట తెచ్చుకోవాలి. అనుమతి ఉంది కదా అని లీష్ విప్పి జింకల మీదకు వదలకూడదు. మధ్యాహ్నం రాతి బాట మీద మన అరచెయ్యి కాసేపు ఆనించలేకపోతే అక్కడ కుక్కను నడిపించకూడదు. ఈ పాటి ఓపిక లేనివాళ్లకు పార్కు నిబంధనలే మేలు.

‘అలాగైతే కుక్కను ఇంట్లోనే వదిలేయమంటారా’ అని ఎవరైనా అడిగితే, కొన్ని ప్రయాణాలకు అవుననే చెప్పాలి. ముసలి కుక్క, పగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్క, కారెక్కితే వణికే కుక్క జులైలో అరిజోనా ఎడారి దాటడం దానికి విహారం కాదు. నమ్మకస్తులైన స్నేహితుల ఇంట్లో వదిలి వెళ్లడం దానిపట్ల ప్రేమ తక్కువై కాదు. మిగతా కుక్కలకు దేశం నిండా చోటుంది. పార్కుల కోసమే ప్రయాణమైతే కుక్కను నిశ్చింతగా ఉంచి వెళ్లాలి. కుక్కతో కలిసి తిరగడమే ముఖ్యమైతే జాబితాలోంచి పార్కులను తగ్గించాలి. బుకింగులు మొదలుపెట్టే ముందే, ప్రతి మజిలీకీ పెంపుడు జంతువుల నిబంధనలు చదివి, ఈ రెండింటిలో ఏదో తేల్చుకోవాలి. పార్కు గేటు దాకా వెళ్లి తేల్చుకుందామంటే దాని మూల్యం చెల్లించేది వెనక సీట్లోని కుక్కే.