ఎవరు గీశారంట?

మా మేనత్తగారి వూరు వాకాడు దగ్గర, సముద్రానికి కాస్త ఎగువన వుంది. 2022లో ఆ ప్రాంతాన్ని తిరుపతి జిల్లాలో చేర్చారు గాని, అత్తయ్య మాత్రం నేటికీ తమది నెల్లూరు జిల్లానే అంటుంది. పోయిన నెల ఆవిడ మనమరాలి పెళ్ళిబట్టలు చూడటానికి నేనూ, మా ఆవిడా వెళ్ళాము. పెళ్ళిబట్టలు బాగాలేవని చెప్పగల ధైర్యం వున్న మగవాణ్ని నేనింతవరకు చూడలేదు. కనుక నా రాక కేవలం అలంకారమే.

పట్టుచీరలూ, వెంకటగిరి చీరలూ చూపించడం అయింది. చివరకు పెళ్ళికూతురు ఒక చీర మడత విప్పి, "ఇది కలంకారీ, అవ్వా!" అన్నది గర్వంగా. అంచు పొడుగునా సీతమ్మలు, నెమళ్ళు, లతలు. బాగుందంటే బాగుందని అందరం అన్నాము. అత్తయ్య కళ్ళజోడు సవరించుకుని, చీరను తిరగేసి మరగేసి చూసి, ఒక్క మాట అడిగింది.

"ఎవురు గీశారంట?"

పిల్ల తెల్లబోయింది. "ఎవరేమిటవ్వా! షాపులో కొన్నాం."

"పదిమంది సీతమ్మలుండారు. పదిమందికీ ముక్కు ఒకే మాదిరుండాది. చేత్తో గీసేవాడికి అట్ట సాధ్యం కాదు మే!"

అంతటితో వూరుకోక, లోపలికి వెళ్ళి ట్రంకు పెట్టెలోనుంచి ఒక పాత గుడ్డ తెచ్చింది. ఆవిడ మామగారు ఎప్పుడో శ్రీకాళహస్తిలో కొని తెచ్చిన రామాయణం తెర అది. గళ్ళుగళ్ళుగా కథ, గడి కింద తెలుగులో నాలుగు మాటలు. ఎరుపు ఎండుమిరపకాయ రంగుకు తిరిగింది గాని, పోలేదు. అందులోనూ సీతమ్మలున్నారు. ఒక సీతమ్మకు దిగులు, ఇంకొక సీతమ్మకు కోపం. ఏ ఇద్దరి ముక్కూ ఒకటి కాదు.

చిత్రమేమిటంటే, ఈ పనికి మనవాళ్ళు పెట్టుకున్న పేరు కలంకారీ కాదు. వ్రాతపని అనేవారు. కలం, కారీ రెండూ పారశీకం నుంచి వచ్చిన మాటలు. మచిలీపట్నం వైపు చెక్క అచ్చులతో అద్దుతారు. కాళహస్తిలో వెదురుపుల్లకు గుడ్డపేలికో ఉన్నో చుట్టి, దారంతో బిగించి, రంగులో ముంచి గీస్తారు.

అందులో వున్న విద్య అంతా ఇంతా కాదు. ముందు గుడ్డను పాలు, కరక్కాయ కలిపిన నీళ్ళలో నానబెట్టి ఆరవేస్తారు. చింతబొగ్గుతో బొమ్మ గీసుకుంటారు. ఇనుప తునకలు, బెల్లం కలిపి రోజుల తరబడి పులియబెట్టిన నీళ్ళతో దానిమీద గీత దిద్దుతారు. ఆ నీరు కరక్కాయ తగలగానే నల్లబడుతుంది. ఎరుపు కావలసిన చోట పటిక నీళ్ళు పూసి, ఏటిలో జాడించి, వేళ్ళ రంగుతో కాచుతారు. పటిక వున్నచోట ఎరుపు పట్టుకుంటుంది. లేనిచోట తర్వాత వుతుకుల్లో విడిచిపోతుంది. పూర్వం మన తూర్పు తీరపు ఇసుకనేలల్లో దొరికే చిరివేరు ఈ ఎరుపుకు పెట్టింది పేరు. వుతికినకొద్దీ మెరిసే రంగు అప్పట్లో సీమదొరలు ఎరగరు.

ఆ సాయంత్రం పిల్లలు సముద్రం చూస్తామంటే దుగరాజపట్నం వెళ్ళాము. కాళహస్తిలో వ్రాతగుడ్డలు జాడించే స్వర్ణముఖి కూడా ఆ ప్రాంతంలోనే సముద్రంలో కలుస్తుంది. ఈనాడు ఇసుకా, వలలూ కనిపించే ఈ పల్లెను ఇంగ్లీషువారు ఆర్మగాన్ అన్నారు. ఈస్టిండియా కంపెనీవారు 1626 ప్రాంతంలో ఇక్కడ గిడ్డంగి కట్టి, కోటలాగా బలపరచి, ఫిరంగులు పెట్టుకున్నారు. అప్పటికే దక్షిణాన పులికాట్‌లో డచ్చివారు 1613లో గెల్డ్రియా కోట కట్టి కూచున్నారు. ఇంత హడావుడీ దేనికి? మన గుడ్డలకు. జావా, మొలక్కా దీవుల్లో మిరియాలు, జాజికాయ, లవంగాలు కొనాలంటే అక్కడివాళ్ళు సీమ సరుకు కన్న మన తీరపు బట్టలే ఎక్కువ ఇష్టపడేవారు. ఆర్మగాన్‌లో వున్న ఫ్రాన్సిస్ డే, ఇంతకన్న చవకగా బట్టలు దొరికే చోటు వెతుక్కుంటూ వెళ్ళి, 1639లో మద్రాసు స్థలం సంపాదించాడు. మరుసటి ఏడు దుకాణం అక్కడికి మారింది. మద్రాసు మహానగరం పుట్టింది గుడ్డబేరంలో అన్నమాట!

మద్రాసు నుంచి ఆ బట్టలు ఫిలిప్పీన్స్ దీవులలోని మనీలాకు కూడా వెళ్ళేవి. స్పానిష్ ప్రభుత్వం ఇంగ్లీషు ఓడలను రానివ్వదు గనుక ఆర్మీనియన్ల పేరనో, మరో ఆసియా వర్తకుల పేరనో వెళ్ళేవి. అక్కడినుంచి స్పానిష్ ఓడలెక్కి మహాసముద్రం దాటి మెక్సికో చేరేవి.

ఇక కొనేవాడు మారాడు గనుక బొమ్మా మారింది. మనకు గుడి తెర కావాలి. సీమవారికి మంచం మీద పరిచే దుప్పటి కావాలి. 1643లో లండన్ డైరెక్టర్లు సూరత్‌లోని తమ మనుషులకు జాబు వ్రాస్తూ, తెల్లని నేల ఎక్కువగా వుంచి, పువ్వులూ కొమ్మలూ మధ్యలో వేయించమన్నారు. మన తీరపు చిత్రకారులూ ఆ రుచికి తగ్గట్టే కొండమీద కొమ్మలు చాచిన పూలచెట్టును దుప్పట్ల మీద గీశారు. ఆ చెట్టు ఏ అడవిలోనూ లేదు. సీమవాడి కోరికా, మనవాడి చేయీ కలిసిన చోట మొలిచింది.

ఆ మోజు ఎంత పెరిగిందంటే, అక్కడి సాలెవాళ్ళు గోల పెట్టారు. ఫ్రాన్సు 1686లో ఈ బట్టలను నిషేధించింది. ఇంగ్లండు 1700లో దిగుమతి ఆపి, 1721లో కట్టుకోవడమే నేరమన్నది. నిషేధం వల్ల మోజు పోతుందా? దొంగచాటుగా కట్టుకున్నారు. ఈలోగా కూర్దూ అనే ఫ్రెంచి పాదిరీ, తన శిష్యులలోని అద్దకపువారిని అడిగి తెలుసుకుని, ఈ పని వివరాలన్నీ 1742లో స్వదేశానికి జాబుగా వ్రాశాడు. తెలుగు, ఫ్రెంచి, సంస్కృత నిఘంటువు కూర్చిన పండితుడే ఆయన! 1760లో పారిస్ దగ్గర జూయీలో అద్దకం కార్ఖానా వెలసింది. తరువాత మరలు వచ్చాయి, మాంచెస్టరు గుడ్డ మన సంతలకే వచ్చింది. ఓడ ఎక్కిన విద్య మూటకట్టుకుని తిరిగివచ్చి మన చిత్రకారుడి అన్నం లాక్కుంది.

కాళహస్తి పని గుడిని నమ్ముకుని కొన వూపిరితో మిగిలింది. 1880లలో అక్కడ వ్రాసిన రామాయణం తెర ఒకటి లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో వుంది. స్వరాజ్యం వచ్చాక 1952లో అఖిల భారత హస్తకళల బోర్డు ఏర్పడింది. కమలాదేవి చటోపాధ్యాయగారి చొరవతో ఆ దశాబ్దం చివర శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రం పెట్టారు. జొన్నలగడ్డ లక్ష్మయ్యగారు గురువు. ఆయన కుమారుడు గుర్రప్పశెట్టిగారికి 2008లో పద్మశ్రీ వచ్చింది. గుడి తెర కాస్తా గోడ బొమ్మ అయింది, చీర కొంగు అయింది, దుపట్టా అయింది. ఆ బొమ్మలను మళ్ళీ మరలు ఎత్తుకున్నాయి. అలా ఎత్తుకున్నదే మా పిల్ల చీర.

నన్నడిగితే, బొమ్మ మారడం వల్ల ఈ కళకు చేటు రాలేదు. రాముడి పక్కన సీమవాడి పూలచెట్టు మొలిస్తే ఏం పోయింది? గీసినవాడెవడో కొనేవాడికి అక్కరలేకపోవడమే చేటు. ఓడల నాడు నడుమ వర్తకుడు బయానా ఇచ్చి పని చేయించుకునేవాడు. దుప్పటి మీద కంపెనీ ముద్ర వుండేది, గీసినవాడి పేరు కాదు. ఈనాడు షాపు చీటీ మీద ధర వుంటుంది. పేరు మాత్రం వుండదు.

ఇంత ఉపన్యాసం ఇస్తున్న నేను మాత్రం తక్కువ తిన్నానా? కొన్నేళ్ళ కిందట కాళహస్తిలో ఒక చిత్రకారుడి ఇంట గోడతెర కొంటూ గంటసేపు గీచి గీచి బేరమాడాను. ఆయన భార్య నెమ్మదిగా, "రంగుల ఖరీదు తగ్గించుకుంటాం సార్. ఆయన కూచున్న రోజులు ఎట్టా తగ్గించేది?" అన్నది. అయినా తగ్గించుకునే తెచ్చాను. ఆ తెర మా హాల్లోనే వుంది. అతిథులకు చూపించి గొప్పలు చెబుతూ వుంటాను. "ఎవరు గీశారు?" అని ఎవరైనా అడిగితే మాత్రం నాకు పేరు తెలియదు. ఆవేళ నేనడగలేదు.

సముద్రం నుంచి తిరిగివచ్చేసరికి పెళ్ళికూతురు అవ్వగారి తెర ముందు కూచుని, సీతమ్మల ముక్కులు లెక్కపెడుతున్నది. "మామయ్యా, కాళహస్తికి ఎప్పుడు పోదాం?" అన్నది. వారం తిరక్కుండా వెళ్ళాము. ఈసారి బేరం ఆడలేదు. మా ఆవిడే సాక్షి. చిత్రకారుడు వేళ్ళు మడిచి లెక్కవేసి, ఎండ కాయాలి, ఏటిలో నీళ్ళుండాలి, లేకుంటే బావినీళ్ళతో కానివ్వాలి, పెళ్ళినాటికి అందదని చెప్పాడు. పిల్ల మొహం చిన్నబోయింది.

ఇంటికి వచ్చి అత్తయ్యకు చెప్పాము. ఆవిడ కాసేపు ఆలోచించి అన్నది:

"పెళ్ళికి అందకపోతే సీమంతానికి కట్టుకుంటుందిలే. నిదానంగా గీయమను. ఆ కొంగు మూలన వాళ్ళ పేరు కూడా రాయమను, అబ్బయా!"