పీచు రేకు, ఊక బూడిద

కోనసీమలో ఒక పల్లె బడికి కొబ్బరి పీచు కలిపిన సిమెంటు రేకులు వేయిద్దామని పోయిన నెల సన్నీవేల్ సమావేశంలో అనుకున్నాం. చవక, పైగా మన తోటల పీచే. కాని ఒక చిక్కుంది. వానకు తడిసినప్పుడల్లా సిమెంటులోని క్షారం పీచులోకి దిగి దాన్ని తినేస్తుంది. రేకు పైకి బాగానే కనిపిస్తుంది. లోపల పీచు పెళుసెక్కి, కొన్నేళ్లకు దెబ్బ తగిలితే పటుక్కున విరుగుతుంది. కింద కూర్చునేది పిల్లలాయె!

విరుగుడు మన బియ్యం మిల్లుల దగ్గరే ఉంది: ఊక బూడిద. అందులోని సిలికా, సిమెంటులో పుట్టే సున్నాన్ని చాలావరకు పట్టేస్తుంది. మనకు దగ్గర్లోనే, బర్కిలీలో ప్రొఫెసర్ కుమార్ మెహతా 1970 దశకంలోనే ఈ బూడిద సిమెంటుపై పనిచేశారు. అయితే బాయిలరు కింద ఊడ్చిన బూడిద పనికిరాదు. వేడి మితిమీరకుండా కాల్చి, మెత్తగా నూరాలి. ఆ ఏర్పాటు కుదిరేదాకా మీ చందాలు బ్యాంకులోనే ఉంచుతున్నాం. కోప్పడకండి.