ఏమీ చల్లని పట్టీ

వ్యవసాయ డిగ్రీ విద్యార్థులు నాలుగో సంవత్సరంలో గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమం కింద పల్లెల్లో ఉండి, తిరిగి వచ్చి సమర్పించే నివేదికలను ఏటా చదువుతున్నాను. రైతు వివరాలు, పంటల క్యాలెండరు, ఫోటోలు అన్నీ సక్రమంగానే ఉంటాయి. ప్రశ్న మాత్రం ఉండదు. శాస్త్ర పరిశోధనలో అడుగు పెట్టడానికి విద్యార్థి పీహెచ్‌డీ దాకా ఆగనక్కరలేదనీ, ఆ పల్లెలోని వరి మడి చాలుననీ నా అభిప్రాయం.

నాటిన మూడు నాలుగు వారాలకు వరి ముదురాకులపై తుప్పు మచ్చలు కనిపించాయనుకుందాం. విద్యార్థి జింకు లోపమని గుర్తించి, లీటరు నీటికి 2 గ్రాముల జింక్ సల్ఫేటు కలిపి పిచికారీ చేయించాడు. పది రోజులకు పైరు తేరుకుంది. నివేదికలో ‘సత్ఫలితం’ అని రాశాడు. అయితే ఆ పది రోజుల్లోనే రైతు మడిలో నీరు తీసి ఆరగట్టాడు, యూరియా వేశాడు, చలి కూడా తగ్గింది. పైరు దేనివల్ల కోలుకున్నట్లు?

పిచికారీ చేయని పట్టీ ఒకటి పక్కనే ఉంటే తప్ప దీనికి జవాబు లేదు. మూడు మడులను ఎంచుకొని, ప్రతి మడిలో రెండు సమాన పట్టీలు గుర్తించి, దేనిని వదలాలో చీటీ తీసి నిర్ణయించాలి. మనకు తోచినచోట వదిలితే తెలియకుండానే పైరు పల్చగా ఉన్న మూలనే వదులుతాం. 1919లో రోథంస్టెడ్‌లో చేరిన ఆర్.ఎ. ఫిషర్ బోధించిన యాదృచ్ఛికీకరణ సారం ఈ చీటీలోనే ఉంది. తుంపర పక్కకు పోకుండా గాలి లేని ఉదయం పిచికారీ చేయించి, చదరపు మీటరుకు పిలకలు లెక్కపెట్టి, తేదీతో ఆ రోజే నోటు పుస్తకంలో రాసుకోవాలి. ఖర్చు దాదాపు లేదు. వదిలిన పట్టీకి తేడా కనబడిన తరువాత పిచికారీ చేయిస్తామంటే సాధారణంగా రైతూ కాదనడు.

అదే రోథంస్టెడ్‌లో బ్రాడ్‌బాక్ గోధుమ ప్రయోగాన్ని 1843లో లాస్, గిల్బర్ట్ మొదలుపెట్టారు. అప్పటికి ఇద్దరూ ముప్పై దాటనివారే. లాస్ సూపర్‌ఫాస్ఫేటు తయారీదారు. అయినా తన సరుకుతో సహా ఏ ఎరువూ వేయని మడిని ఒకటి ఉంచాడు. అది నేటికీ అలాగే కొనసాగుతోంది.

ఇక లోపం మాలోనూ ఉంది. కొన్నేళ్ల క్రితం ఒక విద్యార్థిని సరిగ్గా ఇలాగే పట్టీలు వదిలి, తేడా ఏమీ కనబడలేదని రాసింది. ఎక్కడ పొరపాటు చేశావమ్మా అని అడిగి మార్కులు తగ్గించాను. ఆ పొలం మట్టి పరీక్ష చీటీ నివేదిక చివర జతచేసే ఉంది. జింకు సరిపడా ఉందని అందులో స్పష్టంగా ఉంది. నేను ఆ పేజీ దాకా వెళ్లలేదు. అలాంటి మార్కులు చూసిన తరువాతి బ్యాచ్ ఏం నేర్చుకుంటుందో వేరే చెప్పాలా? అందరికీ సత్ఫలితాలే వస్తాయి.

రాబోయే ఖరీఫ్ నుంచి నేను దిద్దే నివేదికల్లో వదిలిన పట్టీ లెక్కలకు ఒక పేజీ కేటాయిస్తున్నాను. తేడా వచ్చినా రాకపోయినా ఆ పేజీకి మార్కులు సమానమే.