తిప్పని షట్టరు తుప్పు పడుతుంది: విమానయాన మంత్రి గారికి బహిరంగ లేఖ

కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రి శ్రీ కింజరాపు రామ్మోహన్ నాయుడు గారికి,

మాది అనకాపల్లి జిల్లా, నర్సీపట్నం దగ్గర నాతవరం. మా నాన్న తాండవ కాలువ మీద లస్కరు. నేను ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్‌గా చేరి, ఉద్యోగమంతా రాడార్ తెర ముందు గడిపి, రిటైరయ్యాక ఊరికి తిరిగొచ్చాను. మన ఉత్తరాంధ్ర బిడ్డ ఢిల్లీలో ఆ శాఖ చూస్తున్నాడంటే మాకు ఎంతో గర్వం. ఆ చనువుతోనే రాస్తున్నాను.

2025 నవంబర్ 6న ఢిల్లీ విమానాశ్రయంలో ఆటోమేటిక్ మెసేజ్ స్విచింగ్ సిస్టమ్ మొరాయించింది. మర్నాడు 800కు పైగా విమానాలు ఆలస్యమయ్యాయి. టీవీల్లో బారులు తీరిన ప్రయాణికులను చూపించారు. నా కళ్లలో మెదిలింది మాత్రం కంట్రోల్ గదిలో ఉన్నవాళ్లు. ఏ విమానం ఏ దారిన, ఏ ఎత్తున వెళ్లాలన్న వివరం రోజూ దానంతటదే తెర మీదికి వచ్చేది. ఆ రోజు ఒక్కో ఫ్లైట్ ప్లాను చేత్తో ఎక్కించుకున్నారు. పని నత్తనడకన సాగింది. కానీ ఎక్కడా ప్రమాదం జరగలేదు. ఆ ఘనత ఏ యంత్రానిదీ కాదండీ, ఆ షిఫ్టులో కూర్చున్నవాళ్లది.

మూలకారణం తేల్చమని, అదనపు సర్వర్లు సిద్ధం చేయమని మీరు ఆదేశించారు. మంచి పని. కాకపోతే సర్వర్‌కు సర్వర్‌ను తోడు పెట్టి ధీమాగా ఉండటానికి లేదని బ్రిటన్ అనుభవం చెబుతోంది.

2023 ఆగస్టు 28న లాస్ ఏంజెలెస్ నుంచి పారిస్ వెళ్లే ఒక విమానం ప్లాను బ్రిటన్ వ్యవస్థలోకి వచ్చింది. అందులో డీవీఎల్ అనే గుర్తు రెండు చోట్ల ఉంది. ఒకటి అమెరికాలోని డెవిల్స్ లేక్, ఇంకొకటి ఫ్రాన్స్‌లోని డోవిల్. ఒకే పేరుతో రెండు ఊళ్లు ఉండటం మనకు వింతేమీ కాదు, పక్క మండలం పేరు చెప్పుకుని సర్దుకుంటాం. ఆ కంప్యూటర్‌కు సర్దుకోవడం తెలియలేదు. తప్పు సమాచారం కంట్రోలర్‌కు చేరుతుందేమోనని తనంతట తానే ఆగిపోయింది. వెంటనే రెండో కంప్యూటర్ అందుకుంది. దానిలో ఉన్నదీ అదే సాఫ్ట్‌వేర్, దానికి వచ్చిందీ అదే ప్లాను. అదీ ఆగిపోయింది. రెండూ పడిపోవడానికి అర నిమిషం కూడా పట్టలేదు. గంటకు 400 ప్లాన్లు నడిచే చోట చేత్తో 60 మాత్రమే ఎక్కించగలిగారు. 7 లక్షల మందికి పైగా ప్రయాణికులు ఇబ్బంది పడ్డారు. ఒకే లోపం ఉన్న రెండు యంత్రాలు ఒకదానికొకటి తోడు కావు. అసలైన తోడు ఆ పని చేత్తో చేయగల మనిషి.

చేత్తో చేయడమంటే ఏమిటో నా తరం వాళ్లకు తెలుసు. అప్పట్లో విమానానికో కాగితపు స్ట్రిప్పు, ప్లాస్టిక్ హోల్డర్‌లో పెట్టి బోర్డు మీద వరసగా పేర్చేవాళ్లం. కాల్‌సైన్, ఎత్తు, ఫలానా చోటు దాటే టైము పెన్నుతో రాసేవాళ్లం. ఎత్తు మారిస్తే పాత అంకె కొట్టేసి పక్కన కొత్తది. రెండు స్ట్రిప్పుల మీద ఒకే ఎత్తు, ఒకే చోటు, దగ్గర దగ్గర టైములు కనబడితే ఒకదాన్ని వరసలోంచి కాస్త పక్కకు లాగి వంకరగా ఉంచేవాళ్లం. ఇక్కడ పని మిగిలి ఉందని గుర్తు. రాయడంలోనే ఆకాశం బొమ్మ బుర్రకెక్కేది. తెర ఆరిపోయినా ఆ బొమ్మ ఆరేది కాదు.

పాత కాలమే మేలని నేను అనడం లేదు. 1996 నవంబర్ 12న చర్ఖీ దాద్రీ మీద సౌదీ, కజకిస్తాన్ విమానాలు ఢీకొని 349 మంది చనిపోయారు. అప్పటి ఢిల్లీ రాడార్ విమానం ఏ ఎత్తులో ఉందో చూపించేది కాదు. చూపించే రాడార్ ఉండి ఉంటే అని ఎన్నిసార్లు అనుకున్నామో. యంత్రం కావాలి. మంచి యంత్రం కావాలి.

కానీ యంత్రం పనిచేయని రాత్రి ఎలా ఉంటుందో 2002 జులై 1న యూరప్ చూసింది. జ్యూరిక్ కేంద్రంలో మరమ్మతులు జరుగుతున్నాయి. ఢీకొనే ప్రమాదాన్ని తెర మీద చూపించే హెచ్చరిక ఆపేశారు. ఆ సంగతి డ్యూటీలో ఉన్న కంట్రోలర్‌కు తెలియదు. రెండో కంట్రోలర్ విశ్రాంతికి వెళ్లాడు, అక్కడ అది మామూలే. ఒక్కడే రెండు తెరలు చూస్తున్నాడు. జర్మనీలోని కార్ల్స్‌రూహె కేంద్రం ప్రమాదాన్ని ముందే పసిగట్టి ఫోన్ చేసింది, లైను కలవలేదు. ఊబర్లింగెన్ మీద రెండు విమానాలు ఢీకొని 71 మంది పోయారు, వారిలో ఎక్కువ మంది పిల్లలు. భార్యాబిడ్డలను పోగొట్టుకున్న ఒక తండ్రి 2004లో ఆ కంట్రోలర్‌ను పొడిచి చంపాడు. ఆపై 2007లో స్విస్ కోర్టు శిక్ష వేసింది మాత్రం ఆ సంస్థ మేనేజర్లకు. మంత్రి గారూ, ఈ వరస ఒకసారి ఆలోచించండి. ఏర్పాట్లు పైవాళ్లవి, ప్రాణం మీదికి వచ్చింది తెర ముందు కూర్చున్నవాడికి.

ఇప్పుడు మన దగ్గరికి వస్తాను. ఢిల్లీ, ముంబైలలో ఆటోమేషన్ వ్యవస్థలు నెమ్మదిస్తున్నాయని, యూరప్, అమెరికాల స్థాయికి పెంచాలని మన కంట్రోలర్ల గిల్డ్ 2025 జులైలోనే పార్లమెంటు సభ్యులకు లేఖ రాసింది. నవంబర్‌లో ఏం జరిగిందో మీకు తెలుసు. అదే ఏడాది ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం కంట్రోలర్ల కొరతను, అలసటను ఎత్తిచూపింది. ఆటోమేషన్ వస్తోంది కాబట్టి మనుషులు తక్కువైనా ఫరవాలేదన్న ఆలోచన ఏ ఫైలులో ఉన్నా దాన్ని అక్కడే ఆపేయండి.

మా నాన్న సంగతి ఒకటి చెబుతాను. వానల్లేక నీళ్లు వదలని ఏడాది కూడా ఆయన నెలకోసారి తూము దగ్గరికి వెళ్లి, మరకు గ్రీజు పట్టించి, షట్టరు జానెడు ఎత్తి దించేవాడు. నీళ్లే లేవు కదా నాన్నా అంటే, ‘తిప్పకపోతే తుప్పడతాదిరా, అసలు రోజున కదల్దు’ అనేవాడు. ఇప్పటి కుర్ర కంట్రోలర్ల చేతులు కూడా అంతే. తెర ఆగిపోయినట్టు సిమ్యులేటర్‌లో క్రమం తప్పకుండా సాధన చేయించండి. ఆ సాధన రోజును డ్యూటీగానే లెక్కించండి, సెలవు రోజున పిలిపించకండి. కొత్త వ్యవస్థ కొనే ముందు టెండర్ కాగితాల దశలోనే రోజూ ఆ సీట్లో కూర్చునేవాళ్లను పక్కన పెట్టుకోండి. లోపం చెప్పినవాడికి మెమో రాదన్న భరోసా రాతపూర్వకంగా ఇవ్వండి.

2026 జనవరి 4న భోగాపురం రన్‌వే మీద దిగిన తొలి విమానంలో మీరే ఉన్నారు. ఆ విమానాశ్రయానికి ఎవరి పేరు పెట్టారో ఆ అల్లూరి సీతారామరాజు గారి సమాధి మాకు దగ్గర్లోని కృష్ణదేవిపేటలోనే ఉంది. ఇన్నాళ్లూ విశాఖలో మన విమానాలు దిగింది నౌకాదళం వారి ఐఎన్ఎస్ డేగా రన్‌వే మీద, వాళ్ల నియంత్రణలోనే. ఇక పక్కపక్కనే రెండు కంట్రోల్ గదులు ఒకే ఆకాశాన్ని పంచుకోవాలి. ఆ రెండింటి మధ్య ఫోన్ లైను ఒకటి తెగితే ఇంకొకటి ఉందో లేదో, తెరలు ఆరిపోయిన రోజు ఎవరు ఏం చేయాలో, సరిపడా మనుషులు షిఫ్టుకు ఉన్నారో లేదో మీరే స్వయంగా ఒక రాత్రి డ్యూటీలో ఆ టవర్ ఎక్కి చూడండి. ఢిల్లీలో కంటే ముందు మన భోగాపురంలోనే నేను అడిగినవన్నీ మొదలుపెట్టమని కోరుతున్నాను.

ఇట్లు,
నాతవరం నుంచి,
ఒక విశ్రాంత ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్