కఠోపనిషత్తులోని గుఱ్ఱములకు కొరడా ఎక్కడిది?

"ఇంద్రియములు గుఱ్ఱములు, కొరడాతో కొట్టి లొంగదీయుడు" అని కొందరు ప్రవచనకర్తలు వేదికలెక్కి ఘోషించుచున్నారు. అయ్యా, ఏ ఉపనిషత్తున చదివితిరి? కఠోపనిషత్తున యమధర్మరాజు నచికేతునకు శరీరమనెడు రథమును, ఆత్మయనెడు రథిని, బుద్ధియనెడు సారథిని, మనస్సనెడు పగ్గమును, ఇంద్రియములనెడు అశ్వములను, విషయములనెడు మార్గములను చెప్పెను. కొరడాను చెప్పలేదు. పైగా అశ్వములు దుష్టములగుట సారథి అవివేకము వలననే యని స్పష్టపరచెను.

ఒక శీతకాలమున విదేశములో ఒక భక్తుని వెంట, పైకప్పు గల అశ్వశిక్షణశాలకు వెళ్ళితిని. కప్పుపై మంచు జారిన ధ్వనికి ఒక గుఱ్ఱము ఉలికిపడి, ఆ మూలకు పోనని మొరాయించెను. శిక్షకురాలు కొట్టలేదు. భయము లేని చోట వలయముగా త్రిప్పుచు, దాని ముఖమును కొంచెము లోపలికి మరల్చి, ఆ వలయమును క్రమముగా మూలవైపునకు జరుపుచు వచ్చెను. అది మెడ దించి నిట్టూర్చిన క్షణముననే పగ్గము వదులు చేసెను. కొట్టినచో ఆ మూలలో శబ్దముతో పాటు నొప్పియు నున్నదని గుఱ్ఱము నేర్చుకొనునట! అర్ధగంట పట్టినది. చలికి నా కాళ్ళు కొంకర్లు పోయినవి, అది వేరు మాట.

దీనినే మన పెద్దలు అభ్యాసమనిరి. కఠినోపవాసములతో, ఆత్మనిందతో ఇంద్రియములను హింసించి, మరునాడే రెట్టింపుగా జారిపడి, కన్నీళ్ళతో ఆలయమునకు వచ్చు సాధకులను నేను చూచుచునే యున్నాను. పగ్గము పట్టుట నేర్పకయే వారి చేతికి కొరడా నిచ్చినది మీరు కాదా?