రోప్‌వే సరే.. నడిచి కొండెక్కేవాళ్ల సంగతేంటి? భువనగిరి నుంచి నల్లమల దాకా వీకెండ్ ట్రెక్కింగ్ అసలు లెక్క ఇదీ

ఆదివారం పొద్దున భువనగిరి కోట కింద ఓ అరగంట నిలబడితే సీన్ అర్థమైపోతుంది. హైదరాబాద్ నుంచి కార్లు, బైకులు ఒక్కొక్కటిగా వచ్చి ఆగుతాయి. షూ లేసులు బిగించుకుని, బ్యాగులు తగిలించుకుని, సెల్ఫీ దిగి మెట్ల వైపు నడుస్తారు. ఎక్కేవాళ్లలో ఎక్కువ మంది సిటీ వాళ్లే. ఊళ్లో కుర్రాళ్లను అడిగితే మాత్రం "చిన్నప్పుడు స్కూలోళ్లు తీస్కపోతే ఎక్కినం" అన్నట్టే ఉంటుంది సమాధానం.

ఇప్పుడీ కోటకు రోప్‌వే రాబోతోంది. స్వదేశ్ దర్శన్ 2.0 కింద కోట అభివృద్ధికి కేంద్రం ఓకే చెప్పింది. రోప్‌వే పూర్తయితే తెలంగాణలో ఇదే మొదటిది అవుతుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు కూడా పైదాకా వెళ్లి చూడొచ్చు. దాన్ని ఎవరూ కాదనరు. కానీ నల్గొండ, పాలమూరు గుట్టలన్నింటికీ సంబంధించిన ప్రశ్న ఒకటి మిగిలిపోతోంది. కాళ్లతో ఎక్కాలనుకునేవాళ్లకు, సైకిల్ తొక్కాలనుకునేవాళ్లకు ఇక్కడ ఏముంది?

ఈ బండ మీదే ఎవరెస్ట్ మొదలైంది

భువనగిరి కోట ఉన్నది 500 అడుగులకు పైగా ఎత్తున్న ఏకశిల మీద. కళ్యాణి చాళుక్య రాజు త్రిభువనమల్ల విక్రమాదిత్యుడు కట్టించాడని, ఆయన పేరు మీదే త్రిభువనగిరి కాస్తా భువనగిరి అయిందని చెబుతారు. ఈ తరానికి మాత్రం ఈ బండ ఇంకో రకంగా గుర్తుండాలి.

నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ తాడు పట్టుకుని బండ ఎక్కడం నేర్చుకుంది ఇక్కడే. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివే అమ్మాయి. అప్పటిదాకా పర్వతారోహణ అనే మాటతోనే పెద్దగా పరిచయం లేదు. భువనగిరి రాక్ క్లైంబింగ్ స్కూల్లో ట్రైనింగ్ తీసుకుంది. ఆ తర్వాత డార్జిలింగ్, లద్దాఖ్ వెళ్లింది. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కేసింది. అప్పుడామె వయసు 13 ఏళ్ల 11 నెలలు. ఖమ్మం జిల్లాకు చెందిన ఆనంద్ కుమార్ కూడా ఆమెతో పాటే ఎక్కాడు. 2022 నాటికి పూర్ణ ఏడు ఖండాల్లోని ఎత్తైన శిఖరాలన్నీ పూర్తి చేసింది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఆ పిల్లలకు ఖరీదైన షూ ఉన్నాయని ఎవరూ సెలెక్ట్ చేయలేదు. ఇంటికి దగ్గర్లో ఒక బండ దొరికింది, తాడు దొరికింది, చెప్పేవాళ్లు దొరికారు. అంతే తేడా.

గుట్టెక్కడం మనకు కొత్తా?

ట్రెక్కింగ్ అనే మాట కొత్తది కానీ పని పాతదే. నల్గొండ ఊరి పక్కనే లతీఫ్ సాహెబ్ గుట్ట ఉంది. ఉర్సు వచ్చిందంటే హిందువా, ముస్లిమా అని లేదు, అందరూ మెట్లెక్కి దర్గాకు వెళ్తారు. నార్కట్‌పల్లి దగ్గర చెర్వుగట్టు జాతరకు వెళ్లినవాళ్లు మూడుగుండ్లు ఎక్కకుండా ఇంటికి రారు. గుండ్ల మధ్య సందులోంచి పక్కకు తిరిగి, ఊపిరి బిగబట్టి దూరాలి. మా బంధువుల్లో అరవై దాటినవాళ్లు అవలీలగా దూరి అవతలికొస్తే, జిమ్‌కు వెళ్లే మాలాంటివాళ్లం మధ్యలో ఇరుక్కుని బిక్కమొహం వేస్తాం.

వీటన్నింటికీ పెద్దన్న సలేశ్వరం. నాగర్‌కర్నూల్ జిల్లాలో, అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ లోపల ఉంటుంది. చైత్ర పౌర్ణమి సమయంలోనే జాతర. అడవిలో కిలోమీటర్ల కొద్దీ నడిచి, లోయలోకి దిగి, రాళ్లు పట్టుకుంటూ జలపాతం దగ్గరికి చేరాలి. పూజారులు చెంచులు. పోయేటప్పుడు "వస్తున్నాం లింగమయ్యా", తిరిగొచ్చేటప్పుడు "పోతున్నాం లింగమయ్యా" అని అరుచుకుంటూ పాలమూరు పల్లెల జనం వేల సంఖ్యలో నడుస్తారు. సిటీలో ఎవరైనా దీన్ని ప్యాకేజీగా పెడితే 'డిఫికల్ట్ ట్రెక్' అని రాసేవాళ్లేమో.

జాతర రోజుల్లో ఏం జరుగుతుందో చూడండి. మంచినీళ్లు పెడతారు. మెడికల్ క్యాంపు, అంబులెన్స్ ఉంటాయి. ఆర్టీసీ స్పెషల్ బస్సులు వేస్తుంది. దారి పొడవునా పోలీసులు, ఫారెస్ట్ సిబ్బంది నిలబడతారు. అంటే ఒక గుట్టను జనం ఎక్కేలా ఎలా సిద్ధం చేయాలో మన యంత్రాంగానికి బాగా తెలుసు. జాతర అయిపోయిన మర్నాటి నుంచి ఏడాది పొడవునా ఆ గుట్ట దిక్కు చూసేవాళ్లుండరు. అసలు సమస్య ఇదే.

కోట ఉంది.. దారి చెప్పే మనిషి లేడు

రాచకొండనే తీసుకోండి. రేచర్ల పద్మనాయకుల రాజధాని. 2016లో ఏకంగా ఒక పోలీస్ కమిషనరేట్‌కే ఈ పేరు పెట్టారు. పోలీస్ బండ్ల మీద ఆ పేరు చదివినవాళ్లలో కోట ఎక్కినవాళ్లు ఎందరు? దేవరకొండ, కోయిలకొండ, ఖిల్లా ఘన్‌పూర్, పానగల్.. లిస్టు పెద్దదే. చాలాచోట్ల ఎటు ఎక్కాలో చెప్పే బాణం గుర్తు ఉండదు. పైన సిగ్నల్ పోతే ఎవరికి ఫోన్ చేయాలో తెలియదు. తుప్పల్లో ఎలుగుబంటి ఉందో, చిరుత తిరుగుతోందో ఊరివాళ్లకు తెలుస్తుంది కానీ బయటి నుంచి వచ్చినవాళ్లకు తెలిసే దారి లేదు.

దీనికి తోడు ఇంకో చిక్కు. ఈ కోటల్లో గుప్తనిధుల తవ్వకాల బెడద ఎప్పటి నుంచో ఉంది. కొత్త మొహాలు బ్యాగులేసుకుని సాయంత్రం పూట గుట్ట దిగితే ఊళ్లో ముందొచ్చే అనుమానం అదే. వాళ్లను తప్పుపట్టలేం కూడా. అదే ఊరి కుర్రాళ్లు నలుగురికి గైడ్‌గా ట్రైనింగ్ ఇచ్చి, ఐడీ కార్డు ఇస్తే ఈ గొడవే ఉండదు. వచ్చినవాళ్ల పేర్లు రాసుకుంటారు, కోనేట్లో ఈతకు దిగొద్దని ఆపుతారు, చీకటి పడేలోగా దింపేస్తారు. వాళ్లకూ వీకెండ్‌లో నాలుగు డబ్బులు వస్తాయి.

ఒక్క నల్లమల లెక్క మాత్రం వేరు. అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ 2,611 చదరపు కిలోమీటర్ల అడవి. అది పులిది, ఆ తర్వాత చెంచులది. అక్కడ ఎవరికి తోచినట్టు వాళ్లు నడుస్తామంటే కుదరదు. శ్రీశైలం రోడ్డు రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసేస్తున్నది అందుకే. ఫర్హాబాద్ వ్యూ పాయింట్ చూడాలంటే ఫారెస్ట్ వాళ్ల సఫారీలో వెళ్లాలి. రీల్ కోసం పక్క దారి పట్టేవాళ్లకు జరిమానా వేయడమే కరెక్ట్.

సైకిల్‌ది ఇంకో కథ

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ఉంది. పైన సోలార్ ప్యానెళ్ల నీడ కూడా. 2023 అక్టోబర్‌లో మొదలైంది. అక్కడ ప్రాక్టీస్ చేసినవాళ్లు లాంగ్ రైడ్ అనగానే విజయవాడ హైవేనో, శ్రీశైలం రోడ్డో, బెంగళూరు హైవేనో పడతారు. బ్రెవే అనే రైడ్‌లు ఉంటాయి. 200 కిలోమీటర్లను పదమూడున్నర గంటల్లో పూర్తి చేయాలి. అంటే పొద్దున చీకట్లో మొదలెట్టి మళ్లీ చీకటి పడేదాకా తొక్కడమే.

ఆ హైవే పక్క ఊళ్లలో సైకిల్ మాయమై చాలా కాలమైంది. ఒకప్పుడు పాల క్యాన్లు, కల్లు కుండలు, పోచంపల్లి చీరల మూటలు అన్నీ సైకిల్ మీదే పోయేవి. బైక్ కొనడమంటే ఓ మెట్టు ఎక్కినట్టు. అలాంటి ఊళ్లో ఇరవై ఐదేళ్లోడు సైకిల్ తొక్కితే "ఏమైంది, బండి అమ్మినవా" అని అడుగుతారు. అదే రోడ్డు మీద లక్ష రూపాయల సైకిల్ వెళ్తుంటే ఫోన్ తీసి వీడియో తీస్తారు.

సరదా పక్కన పెడితే రోడ్డు మాత్రం భయంకరమే. రాంగ్ రూట్‌లో ఎదురొచ్చే ట్రాక్టర్లు, చీకట్లో లైట్ లేకుండా ఆగిన లారీలు. వరి కోతలైతే సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటాయి, అంచున రాళ్లు పేర్చి. వడ్ల మీద సన్న టైరు జారితే పడేది నడిరోడ్డు మీదికే. రైతుకు కల్లం లేక రోడ్డెక్కాడు, సైకిల్‌వాడికి ట్రాక్ లేక అదే రోడ్డెక్కాడు.

దీనికి పెద్ద బడ్జెట్ అక్కర్లేని దారి ఒకటి కళ్ల ముందే ఉంది. సాగర్ ఎడమ కాలువ, జూరాల కాలువల కట్టలు. ట్రాఫిక్ తక్కువ, పెద్ద ఎత్తుపల్లాలుండవు, ఊళ్లను కలుపుతూ పోతాయి. కొన్ని కిలోమీటర్లు చదును చేసి, కాలువ వైపు రెయిలింగ్ పెడితే బడికెళ్లే పిల్లలు కూడా వాడుకుంటారు.

మీరు వెళ్లాలనుకుంటే అక్టోబర్ నుంచి ఫిబ్రవరి దాకానే. ఎండాకాలం నల్గొండ బండ మీద మధ్యాహ్నం నిలబడటం మంచిది కాదు, పొయ్యి మీద పెనంలా కాలుతుంది. మనిషికి రెండు లీటర్ల నీళ్లు, ఊళ్లో ఒకరికి చెప్పి ఎక్కడం తప్పనిసరి.

ఇక భువనగిరిలో పనులు ముందుకు సాగేకొద్దీ గమనించాల్సినవి కొన్నున్నాయి. రోప్‌వేతో పాటు పాత మెట్లకు రిపేరు జరుగుతుందా? టికెట్ కౌంటర్లలో, గైడ్ పనుల్లో స్థానికులు ఎందరు ఉంటారు? పూర్ణ తాడు పట్టుకున్న ఆ బండ పక్కన క్లైంబింగ్ నేర్చుకునే గురుకుల పిల్లలకు ఎంత జాగా మిగులుతుంది?