వేలు కదిలింది

గుండె మార్పిడి కథలు మా పత్రికకు తరచుగా వస్తున్నాయి. దాదాపు అన్నీ శంషాబాద్ విమానాశ్రయంలోనే మొదలవుతాయి. విమానం దిగిన ఐస్ పెట్టె, పోలీసుల గ్రీన్ ఛానెల్, ఆరాంఘర్ దగ్గర పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కి మెహదీపట్నం వైపు దూసుకుపోయే అంబులెన్స్. అంబులెన్స్ ఆసుపత్రి చేరగానే కథ కంచికి.

ఈ ఉరుకులాటలో అబద్ధం లేదు. బయటికి తీసిన గుండెను నాలుగు గంటల్లోపు అమర్చాలంటారు. కిడ్నీ దాదాపు ఒక రోజు ఆగుతుంది. దానికీ అదే హడావిడి పెట్టిన కథకుడు డాక్టర్ని అడగలేదని తెలిసిపోతుంది. ఒక కథలో 2005లోనే గుండె శంషాబాద్‌లో దిగింది. విమానాశ్రయం తెరిచింది 2008లో, అవయవదానాలను చూసే జీవన్‌దాన్ మొదలైంది 2013లో!

తేదీలు దిద్దుకోవచ్చు. మాకు గుచ్చుకునేది వేరే ఉంది. ఈ కథల్లో దాత ఒక్క వాక్యంలో చనిపోతాడు. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం అంత తొందరపడదు. నలుగురు వైద్యుల బృందం కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించాకే బ్రెయిన్ డెడ్ అని ధ్రువీకరించాలి. వెంటిలేటర్ తీసి, సొంతంగా ఊపిరి తీసుకుంటాడేమోనని నిమిషాల తరబడి కనిపెట్టుకుని ఉంటారు. ఆ ఆరు గంటలూ ఒళ్లు వెచ్చగానే ఉంటుంది, వెంటిలేటర్ వల్ల ఛాతీ లేచి పడుతూనే ఉంటుంది. బయట బెంచీ మీద మేనమామ వద్దంటాడు, చెల్లెలు ఏడుస్తుంది, ప్రమాదం కేసైతే పోలీసులు పంచనామాకు వస్తారు. మనవాళ్లు వదిలేసిన కథ ఇదే.

కోమానూ బ్రెయిన్ డెత్‌నూ కలిపేయడం ఇంకా ప్రమాదం. కోమా నుంచి కొందరు తేరుకుంటారు; బ్రెయిన్ డెత్ నుంచి తిరిగి రావడమంటూ లేదు. పాట వినగానే వేలు కదిలించి లేచి కూర్చునే హీరోను చూసి చూసి, ఐసీయూ బయట నిలబడ్డ తండ్రి ‘ఇంకో రెండు రోజులు చూద్దాం సార్’ అనడా మరి?

విచిత్రమేమిటంటే, బ్రెయిన్ డెడ్ అయిన మనిషి వేలు నిజంగానే కదలొచ్చు. వెన్నుపాము రిఫ్లెక్స్ అది, మెదడుకు సంబంధం లేదు. తల్లి చూస్తుంది, ‘కదిలాడు, కదిలాడు’ అని నర్సు చెయ్యి పట్టుకుంటుంది. అప్పుడు ఆ నర్సు ఏం చెప్పాలి? ఏ మాటతో మొదలుపెట్టాలి? ఇది రాయడానికి వైద్యం చదవక్కర్లేదు. కొమ్మూరి వేణుగోపాలరావు డాక్టరై ‘హౌస్ సర్జన్’ నవల రాశారు, నిజమే. మిగతావాళ్లకు ఓ పూట ఐసీయూ నర్సుతో మాట్లాడే ఓపిక చాలు.

ఇకమీదట ఇలాంటి కథలను అచ్చుకు ముందు అలాంటి నర్సు చేతికే ఇస్తాం.